నక్షత్ర కాక్టస్‌ను వానల ఊళ్లలో బతికించుకోవడం ఎలా? పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వాళ్లకు సమగ్ర మార్గదర్శి

ఒడిశా సరిహద్దులోని మన తెలుగు ఇళ్ల మేడల మీద నక్షత్ర కాక్టస్ (శాస్త్రీయ నామం ఆస్ట్రోఫైటమ్ ఆస్టీరియాస్) కుండీలు ఈమధ్య బాగానే కనిపిస్తున్నాయి. వాటితో పాటు ఒకే ప్రశ్న పదే పదే వస్తోంది. సంక్రాంతి రోజుల్లో తెచ్చిన మొక్క ఎండాకాలమంతా నిక్షేపంగా ఉంది, దసరా దాటేసరికి అడుగు నుంచి మెత్తబడి కూలిపోయింది, ఏం తప్పు జరిగింది?

ఇలా పోయిన మొక్కల్లో చాలావాటిని ఎండ చంపలేదు. నేరుగా వాన కూడా పడలేదు. ముడుచుకుపోయిందని జాలిపడి పోసిన నీళ్లు, ఆ నీళ్లను ఆరనివ్వని మట్టి, ఆ మట్టి చుట్టూ కదలని తేమగాలి కలిసి పని కానిచ్చాయి. అందుకే ఈ మార్గదర్శిలో నీళ్లు పోయడం కంటే ఆరబెట్టడం గురించే ఎక్కువ ఉంటుంది.

## 1. మొక్క స్వభావం తెలుసుకోండి

దీని సొంత నేల అమెరికాలోని టెక్సస్ దక్షిణపు కొస, దానికి ఆనుకున్న మెక్సికో రాష్ట్రాలు తమౌలీపస్, న్యూవో లియోన్. అక్కడి ముళ్లపొదల అడవిలో గులకరాళ్లు కలిసిన బంకనేలల్లో పెరుగుతుంది.

ముళ్లుండవు. బల్లపరుపుగా, చాలావరకు ఎనిమిది తొనలుగా ఉంటుంది. ప్రతి తొన నడుమ వరసగా దూది బుడిపెలు, ఒళ్లంతా తెల్లటి చుక్కలు. ఆ చుక్కలు నిజానికి సన్నని నూగు గుత్తులు. వేలితో రుద్దితే రాలిపోతాయి, రాలినచోట మళ్లీ రావు.

పెంపకానికి పనికొచ్చే లక్షణాలు నాలుగు.

పొద నీడలో పెరుగుతుంది. ఎడారి కాక్టస్ అనగానే రోజంతా నిప్పులాంటి ఎండలో పెట్టేస్తారు. ఇది మాత్రం పొదల కింద, చెదురు నీడలో ఉండే రకం.

ఎండాకాలంలో నేలలోకి కుంగుతుంది. నీళ్లు లేనప్పుడు ఒంట్లో తేమ తగ్గి చదునవుతుంది, నేలమట్టానికి దిగి దుమ్ము కప్పుకుంటుంది. కుండీలోనూ అదే చేస్తుంది. దాన్ని రోగం అనుకోకండి.

రాత్రిపూట ఊపిరి తీస్తుంది. కాక్టస్‌లు పగలు పత్రరంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి. మే నెలలో మనకు రాత్రులు చల్లబడవు. అందుకే ఆ రోజుల్లో ఎదుగుదల ఆగిపోతుంది. ఎదగని మొక్క నీళ్లు తాగదు.

తక్కువ వానకు అలవాటు పడింది. దాని సొంత ప్రాంతంలో ఏడాదికి 500–600 మిల్లీమీటర్ల వాన పడితే, ఒడిశా సగటు 1,450 దగ్గర ఉంటుంది. మహేంద్రగిరి కింద ఉన్న ఊళ్లవాళ్లకు వాన సంగతి నేను చెప్పాల్సిన పని లేదు.

## 2. కొనేటప్పుడు చూడాల్సినవి

సొంత వేరు మీద ఉన్న మొక్కా, అంటుకట్టిన మొక్కా అన్నది ముందు అడగండి. అంటు మొక్కలు ఎక్కువగా డ్రాగన్ ఫ్రూట్ జాతి కాడ మీద ఉంటాయి. త్వరగా పెరుగుతాయి, త్వరగా పూస్తాయి, తడిని కాస్త ఓర్చుకుంటాయి. మొదటిసారి పెంచేవాళ్లు అంటు మొక్కతోనే మొదలుపెట్టాలన్నది నా అభిప్రాయం. చదునుగా నేలకు అంటుకుని ఉండే సహజమైన అందం కావాలంటే మాత్రం సొంత వేరుదే కొనాలి.

తెల్లచుక్కలు ఒత్తుగా పరుచుకున్న సూపర్ కబుటో రకం జపాన్‌లో ఏరి పెంచినది. పెంపకం తేడా ఏమీ లేదు, ధరే తేడా.

కొనేముందు ఇవి చూసుకోండి:

- రెండు వేళ్లతో పక్కల నుంచి మెల్లగా నొక్కితే గట్టిగా ఉండాలి.
- కుండీలో ఊగకూడదు. ఊగితే వేర్లు పోయినట్టే.
- మొదలు దగ్గర గోధుమ రంగు బెరడు గట్టిగా, పొడిగా ఉంటే అది వయసు. మెత్తగా, తడిగా ఉంటే కుళ్లు.
- తొనల సందుల్లో తెల్లటి పిండి కదులుతోందేమో చూడండి. చుక్కలకీ పిండినల్లికీ తేడా కనిపెట్టడం కష్టం, భూతద్దం ఉంటే మంచిది.
- తొనలు మరీ ఉబ్బి నున్నగా మెరుస్తుంటే నర్సరీలో నీళ్లు, ఎరువు దండిగా పోశారని అర్థం. అలాంటివి మన తేమకు త్వరగా లొంగుతాయి.

ఇంకో సంగతి. ఇది అడవిలో అరుదైపోయిన మొక్క. పొదలు కొట్టి పొలాలు, పచ్చికబీళ్లు చేయడం, సేకరించేవాళ్లు తవ్వుకుపోవడం, పెయోటీ అనే మరో ముళ్లులేని కాక్టస్ అనుకుని పొరపాటున కోసెయ్యడం దీనికి కారణాలు. అమెరికా 1993లో దీన్ని అంతరించిపోయే ప్రమాదమున్న జాతిగా ప్రకటించింది. అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ ఒప్పందంలో ఇది మొదటి జాబితాలో ఉంది. 2022లో సవరించిన మన వన్యప్రాణి సంరక్షణ చట్టం సైటీస్ జాబితాలను కూడా తన పరిధిలోకి తెచ్చుకుంది. కాబట్టి పరాయి దేశం నుంచి మొక్క గానీ, గింజలు గానీ కాగితాలు లేకుండా పోస్టులో తెప్పించుకోకండి. మన దేశంలోనే గింజ నుంచి పెంచి అమ్మేవాళ్లున్నారు, వాళ్ల దగ్గర కొనండి.

## 3. మట్టి కలపడం: అసలు పని ఇదే

ఇక్కడ శ్రద్ధ పెడితే మిగతా తప్పులు చాలావరకు కాచుకుంటాయి.

సొంత ఊళ్లో బంకనేలలో పెరుగుతుంది కదా అని రాయగడ ఎర్రమట్టి తెచ్చి కుండీలో నింపకండి. అక్కడ వాన వెలిసిన వెంటనే ఎండ, గాలి నేలను ఆరబెడతాయి. శ్రావణమాసంలో మన కుండీలో బంకమట్టి రెండు వారాలైనా ఆరదు.

కొబ్బరిపొట్టు కూడా వద్దు. నర్సరీలు తేలికగా ఉంటుందని వాడతాయి. వానాకాలంలో తడి వదలదు. ఎండాకాలంలో ఒకసారి పూర్తిగా ఎండిందంటే నీళ్లు పోసినా పీల్చదు, పక్కల నుంచి జారిపోతాయి.

మన దగ్గర దొరికే సరుకుతో కొలతలు ఇవి. ఒకే డబ్బాతో కొలవండి.

- ఇటుక రవ్వ, 3–5 మిల్లీమీటర్లు: 3 డబ్బాలు
- ముతక ఇసుక, 2 మిల్లీమీటర్ల పైన: 2 డబ్బాలు
- ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి), దొరక్కపోతే పెర్లైట్ (వేడికి పొంగించిన తెల్లటి గుల్లరాయి): 2 డబ్బాలు
- కట్టెబొగ్గు ముక్కలు: 1 డబ్బా
- జల్లించిన వర్మీకంపోస్టు లేదా బాగా మాగిన ఆకు ఎరువు: 1 డబ్బా
- వేపపిండి: పై మొత్తానికి ఒక గుప్పెడు

ఇటుక బట్టీలో బాగా కాలిన ముక్కలే ఏరుకోండి. పచ్చి ఇటుక ఆరు నెలల్లో కరిగి మళ్లీ మట్టవుతుంది. ఓ ముక్కను రాత్రంతా నీళ్లలో వేసి ఉంచితే తెలిసిపోతుంది: పొద్దునకి వేళ్ల మధ్య నలిగితే అది పనికిరాదు.

వంశధార, నాగావళి ఇసుక ఇంటిపనికి బాగుంటుంది గానీ చాలావరకు సన్నం. జల్లెడ మీద మిగిలిందే మనది, కిందికి దిగినది వదిలేయండి. బస్తా ఇసుకకు చివరికి చిన్న బకెట్టే మిగలొచ్చు, అయినా అంతే.

రైస్ మిల్లుల దగ్గర ఊక బూడిద ఊరికే దొరుకుతుంది. మెత్తటి బూడిద రంధ్రాలు పూడుస్తుంది, పైగా క్షారం ఎక్కువ. దాన్ని కలపొద్దు.

క్రమం ఇలా ఉండాలి:

1. అన్నిటినీ విడివిడిగా జల్లించండి.
2. ఇటుక, ఇసుక, బొగ్గు నీళ్లు తేటపడేదాకా కడగండి.
3. ఎండలో పూర్తిగా ఆరబెట్టండి.
4. అప్పుడు ఎరువు, వేపపిండి కలపండి.
5. పరీక్ష చేయండి. కుండీ నింపి మగ్గు నీళ్లు గుమ్మరించండి. నీళ్లు పైన నిలవకుండా వెంటనే కిందికి కారిపోవాలి. పైన మడుగు కడితే సన్నం ఇంకా ఉందన్నమాట, మళ్లీ జల్లించండి.

## 4. కుండీ, కప్పు, చోటు

కాల్చిన మట్టి కుండీ వాడండి. గోడల నుంచి కూడా తడి ఆరుతుంది. మొక్క వెడల్పు కంటే చుట్టూ ఒక వేలెడు ఎక్కువుంటే చాలు. పెద్ద కుండీలో మట్టి ఎక్కువ, వేరు తక్కువ, తాగేవాళ్లు లేని తడి మిగిలిపోతుంది.

పైన కప్పు తప్పనిసరి. పాలీకార్బొనేట్ రేకు గానీ, 200 మైక్రాన్ల యూవీ పాలిథిన్ గానీ వాలుగా వేయండి. పక్కలు మూయకండి. వాన జల్లు అడ్డంగా కొడుతుందని నాలుగువైపులా పట్టా కట్టేస్తే లోపల ఆవిరిపెట్టె తయారవుతుంది. దానికి బదులు చూరును కుండీల కంటే అడుగున్నర ముందుకు దించండి.

రథయాత్రకు ముందే ఈ కప్పు సిద్ధంగా ఉండాలి. అప్పటికి లేకపోతే ఆ ఏడాదికి కుండీలను వరండాలోకి మార్చేయడమే మేలు.

మార్చి చివర నుంచి మృగశిర కార్తె దాకా కప్పు కింద 50 శాతం గ్రీన్ నెట్ కట్టండి. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు, ఈ మొక్క ఒంటి మీద ఒకవైపు తెల్లగా కాలిన మచ్చ పడుతుంది. ఆ మచ్చ ఇక పోదు. మిగతా నెలల్లో పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు తగిలి, మధ్యాహ్నం నీడ వచ్చే తూర్పు వైపు చోటు సరైనది.

కుండీలు మేడ సిమెంటు మీద నేరుగా పెట్టకండి. వేసవిలో కింది నుంచి కాలుతుంది, వానల్లో కింది రంధ్రం మూసుకుంటుంది. ఇనుప స్టాండు గానీ, రెండు ఇటుకలు గానీ చాలు.

## 5. కుండీలో నాటడం

ఫిబ్రవరి గానీ నవంబరు గానీ ఎంచుకోండి. వానాకాలంలో కుండీ మార్చకండి.

1. తెచ్చిన మొక్కను కుండీ నుంచి తీసి కొబ్బరిపొట్టు మొత్తం విదిలించండి. పొడిగా ఉన్నప్పుడే బాగా రాలుతుంది. వేర్లలో ఇరుక్కున్నదాన్ని పళ్లపుల్లతో తీయండి.
2. ఎండిన, నల్లబడిన వేర్లను శుభ్రమైన కత్తెరతో కత్తిరించండి.
3. నీడలో, గాలి తగిలేచోట కాగితం మీద వారం రోజులు ఉంచండి. తెగిన గాయాలు మానాలి. వారం పాటు నేల లేకపోతే మొక్కకేమీ కాదు.
4. పొడి మట్టిలోనే నాటండి. వేరు మొదలు దాకా మట్టి, ఆపైన మెడ చుట్టూ ఒక సెంటీమీటరు బేబీ చిప్స్. ఈ రాళ్లు మొదలుకి తడి తగలకుండా చూస్తాయి.
5. మరో వారం నీళ్లు వద్దు.
6. మొదటి తడి సగమే. పూర్తి తడి ఇంకో పది రోజుల తర్వాత.

## 6. నీళ్ల లెక్క, నెలల వారీగా

వారానికోసారి అనే లెక్క ఇక్కడ పనిచేయదు. పొడిగా ఉన్నప్పుడు కుండీ బరువు ఎంతో చేతికి అలవాటు చేసుకోండి. అడుగు రంధ్రంలోంచి వెదురు పుల్ల గుచ్చి ఓ పది నిమిషాలు ఉంచండి. తడి అంటకుండా వస్తేనే నీళ్లు.

- ఫిబ్రవరి, మార్చి: మంచి ఎదుగుదల. ఆరిన ప్రతిసారీ, అంటే వారం పది రోజులకోసారి, అడుగున కారేదాకా పోయండి.
- ఏప్రిల్: అలాగే, కానీ సాయంత్రం పొద్దు వాలాక.
- మే నుంచి మృగశిర దాకా: రెండు వారాలకోసారి కొద్దిగా. మొక్క కుంగుతుంది, కుంగనివ్వండి. ఎక్కువమంది జాలిపడేది ఇప్పుడే. వేడి రాత్రుల్లో తడి మట్టి ఉడికినట్టవుతుంది, వేర్లు అక్కడే చస్తాయి, కుళ్లు మాత్రం శ్రావణంలో బయటపడుతుంది.
- జూన్ మధ్య నుంచి సెప్టెంబరు: రెండు మూడు వారాలకోసారి. రెండు రోజులు ఎండ కాస్తుందనుకున్న పొద్దున మాత్రమే.
- అక్టోబరు: వాతావరణ వార్త చూడకుండా చుక్క కూడా వద్దు. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారంటే నీళ్ల మగ్గు పక్కన పెట్టేయండి.
- నవంబరు: గాలి పొడిబడుతుంది, రెండో విడత ఎదుగుదల. పది పన్నెండు రోజులకోసారి.
- డిసెంబరు, జనవరి: బరంపురం, పర్లాకిమిడి వైపు నెలకోసారి కొద్దిగా.

కోరాపుట్, సెమిలిగుడ వైపు వాళ్లకు ఈ లెక్క కొంచెం మారుతుంది. అక్కడ వేసవి రాత్రులు చల్లబడతాయి కాబట్టి మే నెలలోనూ మొక్క ఎదుగుతుంది, ఏప్రిల్ లెక్కే నడపొచ్చు. చలి మాత్రం ఎక్కువ. డిసెంబరు, జనవరి నెలల్లో అసలు నీళ్లు వద్దు. డ్రాగన్ ఫ్రూట్ కాడ మీది అంటు మొక్కలను రాత్రి ఇంట్లోకి తీసుకోండి, ఆ కాడ చలికి ఆగదు.

బోరు నీళ్లలో సున్నం ఎక్కువైతే తొనల మీద తెల్ల పొర కడుతుంది. వాననీళ్లు డ్రమ్ములో పట్టి దాచుకోండి. ఎరువు కోసం ప్రత్యేకంగా తిరగక్కర్లేదు. ఎరువుల దుకాణంలో దొరికే 0-52-34 లీటరు నీళ్లకు అర గ్రాము కలిపి ఫిబ్రవరిలో ఒకసారి, నవంబరులో ఒకసారి ఇస్తే సరిపోతుంది. యూరియా జోలికి పోవద్దు.

## 7. తుపాను వార్త వచ్చినప్పుడు

మనకు పెద్ద దెబ్బలు అక్టోబరులోనే తగిలాయి. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర అక్టోబరు 12న తీరం దాటింది. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను ముంచెత్తింది. నాలుగు నెలల తేమతో అలిసిపోయిన మొక్కకు ఆ సమయంలో మరో తడుపు చాలా ప్రమాదం.

- వార్త వినగానే కుండీలు లోపలికి. గాలి ఆడే గది అయితే మంచిది, అల్మారాలో కుక్కకండి.
- పాలిథిన్ కప్పు విప్పి చుట్టేయండి, రేకు అయితే తాళ్లతో బిగించండి.
- కుండీల కింద పళ్లేలు ఉంటే తీసేయండి.
- కరెంటు ఉన్నంతసేపు టేబుల్ ఫ్యాన్ చిన్న వేగంలో వాటి వైపు తిప్పండి.
- వాన వెలిశాక ఒక్కసారిగా ఎండలో పెట్టకండి. రెండు రోజులు నీడలో ఉంచి, ఆ తర్వాత పాత చోటుకు మార్చండి.
- తడిసిపోయిన కుండీ ఉంటే మొక్కను పీకి, మట్టి దులిపి, కాగితం మీద ఆరబెట్టండి. తడి మట్టిలో ఆరుతుందేమోనని ఎదురుచూడటం కంటే ఇదే క్షేమం.

## 8. రోగాలు, తప్పులు, సరిదిద్దడం

ముడుచుకుంది, గట్టిగానే ఉంది. దాహమో, విశ్రాంతో. నెల చూడండి. ఫిబ్రవరి అయితే నీళ్లు, మే అయితే ఓపిక.

ముడుచుకుంది, నీళ్లు పోసినా ఉబ్బలేదు. వేర్లు లేవు. మళ్లీ మళ్లీ పోయకండి, పీకి చూడండి. వేర్ల మీద తెల్లటి పిండి ఉంటే వేరు పిండినల్లి. మట్టి పారేసి, వేర్లు కడిగి, ఆరబెట్టి, కొత్త మట్టిలో నాటండి.

అడుగున మెత్తగా, పసుపు గోధుమ రంగు. కుళ్లు. ఆ రోజే కత్తి పట్టాలి. స్పిరిటుతో తుడిచిన కత్తితో అడుగు నుంచి పలచగా కోస్తూ పోండి. ప్రతి కోతకూ కత్తి తుడవండి. కోసిన ముఖం మీద నారింజ, గోధుమ చుక్క ఒక్కటి కూడా కనిపించని దాకా ఆగకండి. గంధకం పొడి అద్ది నీడలో రెండు మూడు వారాలు ఆరబెట్టాలి. ఈ జాతి కోసిన చోట మళ్లీ వేరు వేయడం కష్టం. సగానికి పైగా పోయిందంటే గంధకం అద్దకుండానే, ఆ తాజా కోతను డ్రాగన్ ఫ్రూట్ కాడ మీద అంటుకట్టడం మంచిది. రెండు కోత ముఖాల మధ్యభాగంలో కనిపించే గుండ్రటి నాళాల వలయాలు కొంతైనా ఒకదానిపై ఒకటి పడేలా ఆనించి, రబ్బరు బ్యాండ్లతో బిగించి, పది రోజులు నీడలో కదపకుండా ఉంచాలి.

తొనల సందుల్లో పిండినల్లి. దూదిపుల్లకు స్పిరిటు అద్ది ఒక్కొక్కటే తీయండి. వేపనూనె ఒంటిమీద చల్లకండి, నూగు చుక్కలు జిడ్డుపట్టి మొక్క రూపం పోతుంది.

పైకి సాగి గుమ్మటంలా లేచింది. వెలుతురు చాలలేదు. రెండు వారాల వ్యవధిలో కొద్దికొద్దిగా వెలుతురులోకి జరపండి. సాగిన భాగం వెనక్కి రాదు, కొత్త ఎదుగుదల సరవుతుంది.

తొన చిట్లింది. పొడిగా ఉంచి ఉంచి ఒక్కసారి దండిగా పోస్తే అలా అవుతుంది. గంధకం అద్ది వదిలేయండి, మచ్చతో మానుతుంది.

ముందు జాగ్రత్తగా వానలకు ముందు ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు మందు లీటరుకు 3 గ్రాములు కలిపి మొదలు దగ్గర మట్టి మీద కొద్దిగా పోయొచ్చు. అంతకుమించి మందులు మట్టి లోపాన్ని కప్పిపెట్టవు.

## 9. పూలు, గింజలు, నారు

వేసవి మొదట్లో నడినెత్తిన మొగ్గలు వస్తాయి. పసుపు పువ్వు, లోపల ఎరుపు. ఎండ పడ్డాకే విచ్చుకుంటుంది, ఒకటి రెండు రోజులే ఉంటుంది.

తన పుప్పొడితో తాను కాయదు. వేర్వేరు గింజల నుంచి పుట్టిన రెండు మొక్కలు ఒకేరోజు పూయాలి. ఒకే మొక్క నుంచి తీసి అంటుకట్టిన మొక్కలు రెండున్నా లాభం లేదు. మధ్యాహ్నం సన్నటి రంగుల కుంచెతో పుప్పొడి అటూ ఇటూ మార్చండి. ఊళ్లో ఇంకెవరి దగ్గరైనా మొక్క ఉంటే ఆ రోజు కుండీ పట్టుకుని వెళ్లడమే.

కాయ ఎండి పగలబోతుండగా గింజలు తీసుకోండి. గోధుమ నలుపు రంగులో, మెరుస్తూ, చాలా కాక్టస్‌ల గింజల కంటే పెద్దవిగా ఉంటాయి. దాచిపెట్టకండి, పాతబడేకొద్దీ మొలక తగ్గుతుంది.

1. అదే మట్టిని సన్నగా జల్లించి, ఎరువు సగం తగ్గించి, కుక్కర్‌లో ఆవిరి పట్టించి చల్లార్చండి.
2. గింజలను లీటరుకు 1 గ్రాము కార్బండాజిమ్ (ఇదీ బూజు మందే) కలిపిన నీళ్లలో కాసేపు ముంచి తీయండి.
3. తడి మట్టి మీద పరచండి, పూడ్చకండి.
4. కుండీని జిప్ కవర్లో పెట్టి మూసేయండి. ఎండ తగలని వెలుతురులో ఉంచండి. 25–30 డిగ్రీల్లో తాజా గింజలు వారం లోపే మొలుస్తాయి.
5. నెలన్నర దాకా కవరు తెరవకండి. నాచు గానీ బూజు గానీ కనిపిస్తే మాత్రం వెంటనే తెరిచి గాలి తగిలించండి.
6. ఆ తర్వాత రోజూ కాస్త కాస్త తెరుస్తూ బయటి గాలికి అలవాటు చేయండి.

చిన్న నారుకు పెద్ద మొక్క లెక్క వర్తించదు. మొదటి ఏడాది పూర్తిగా ఎండిపోనివ్వకూడదు, మే నెలలోనూ పైమట్టి ఆరగానే చిలకరించాలి. సొంత వేరు మీద పువ్వు చూడాలంటే మూడు నాలుగేళ్లు పడుతుంది. కుండీ మీద తల్లిమొక్కల గుర్తు, విత్తిన నెల రాసి పెట్టుకోండి. రేపు పుప్పొడి మార్చేటప్పుడు ఏది దేని బిడ్డో తెలియకపోతే జత కలపడం కష్టమవుతుంది.